పోపుల పెట్టె నుంచి పసరు మందు దాకా: ఏది ఎంత, ఎవరికి, ఎక్కడ ఆపాలి

తిప్పతీగ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంట్లో నెలకి ఎంత ఉప్పు అయిపోతోందో చూసుకునేవాళ్లు ఎక్కడో ఒకరు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, మధ్యాహ్నం ఆవకాయ నంజుకుని, సాయంత్రం బీపీ తగ్గడానికని కషాయం కాచుకునే ఇళ్లు గుంటూరు, బెజవాడల్లో నాకు చాలానే తెలుసు.

అందుకే ఇక్కడ వరస ముఖ్యం. ముందు కంచం, తర్వాత పోపుల పెట్టె, మూలికలు ఆఖర్న. చాలామంది దీన్ని తిరగేసి మూలికల దగ్గర మొదలుపెడతారు. నేను పెట్టుకున్న లెక్క సులువైనదే. పోపులో పడేంత అయితే అది తిండి. గ్లాసు నిండా కాచి తాగితే, చెంచాలతో పొడి మింగితే అది మందు. మందన్నాక ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి పడదు అన్న మూడు ప్రశ్నలూ వస్తాయి. ఇంటి వైద్యమే కదా, ఆ ప్రశ్నలు ఎందుకులే అనుకోవడంతోనే తంటాలన్నీ మొదలవుతాయి.

1. ముందు ఉప్పు, నూనె లెక్క తీయండి

ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీదే పెన్నుతో తారీఖు వేయండి. నూనె డబ్బా మీదా అంతే. నెల తిరిగేసరికి మీ ఇంటి ఆరోగ్యం గురించి ఏ కషాయం చెప్పలేని సంగతి తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే సుమారు ఒక టీ చెంచా. నలుగురున్న ఇంటికి నెలకి 600 గ్రాములు. పచ్చళ్లు, అప్పడాలు, మిక్చరు, టిఫిన్ సెంటర్ చట్నీ అన్నీ ఆ చెంచాలోవే. కిలో ప్యాకెట్ పదిహేను రోజుల్లో ఖాళీ అవుతుంటే ముందు దాని సంగతి చూడాలి. ఆవకాయ పెట్టిన నెల లెక్క వేరనుకోండి, ఆ ఉప్పు ఏడాది పొడవునా తింటాం కాబట్టి పన్నెండుతో భాగించుకోవాలి.

నూనె విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని నమూనా కంచంలో రోజుకి 27 గ్రాములుంది. నలుగురికి నెలకి మూడున్నర లీటర్ల చిల్లర. గానుగ నూనె కాబట్టి ఎంతైనా పోసుకోవచ్చని ఈ మధ్య ఒక నమ్మకం బయల్దేరింది. గానుగ నూనె రుచి, వాసన బాగుంటాయి, అది నిజమే. కానీ ఏ నూనెకైనా గ్రాముకి 9 కేలరీలే. ఎద్దుల గానుగైనా ఆ లెక్క మారదు.

ఉప్పు తగ్గించడమంటే చప్పిడి కూడు తినమని కాదు. మన వైపు అన్నంలో మొదటి ముద్ద పచ్చడితోనే మొదలవుతుంది, అది మానమంటే ఎవరూ మానరు. నిల్వ పచ్చడి బదులు రోటి పచ్చడి చేసుకోండి. బీరపొట్టు, దోసకాయ, దొండకాయ, కొత్తిమీర, పచ్చి గోంగూర, ఏదైనా సరే. నిల్వ ఉండాల్సిన పని లేదు కాబట్టి రుచికి సరిపడా ఉప్పు వేస్తే చాలు. కూరగాయ కూడా కడుపులోకి వెళ్తుంది. ఆవకాయ వారానికి రెండు మూడు సార్లకి దించండి. పెరుగన్నంలో ఉప్పు కలుపుకునే అలవాటుంటే అది మానేయడం అన్నిటికంటే తేలిక. పది రోజులు చప్పగా ఉంటుంది, ఆ తర్వాత నాలుకే సర్దుకుంటుంది.

2. కంచంలో వాటాలు మార్చండి

మనం ఇష్టంగా తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది. సన్నగా, కమ్మగా ఉంటుంది. ఇబ్బంది కూడా అదే, గరిటె ఆగదు. పైగా తెల్లగా పాలిష్ పట్టిస్తాం కాబట్టి తవుడుతో పాటు పీచు, బి విటమిన్లు మిల్లులోనే మిగిలిపోతాయి. రేపటి నుంచి అన్నం బంద్ అని ఒట్టేసుకుంటే వారం నిలవదు. ముందు ఒక గరిటె అన్నం తగ్గించి ఒక గరిటె కూర పెంచండి. అది అలవాటయ్యాక సింగిల్ పాలిష్ బియ్యానికి మారండి. రాత్రి పూట ఒకటి రెండు రోజులు జొన్న రొట్టో, కొర్ర అన్నమో పెట్టుకోండి. కొర్రలు కనీసం నాలుగైదు గంటలు నానాలి. గ్లాసు కొర్రలకి రెండున్నర గ్లాసుల నీళ్లు పోయండి. నానబెట్టకుండా వండి, గొంతులో గుచ్చుకుంటున్నాయని వదిలేసినవాళ్లు చాలామంది.

జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కంచంలో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు అందులో భాగమే. 100 గ్రాముల పండ్లు. మన ఇళ్లలో పప్పుకి లోటు లేదు, ఆకుకి ఉంది. తోటకూర, చుక్కకూర, బచ్చలి, గోంగూర, పొన్నగంటి, ఏదో ఒకటి రోజూ పప్పులో పడాలి. ఆకులోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మచెక్క పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్‌లో చాలా భాగం ఒంటబట్టదు. గంట ఆగి తాగండి.

మునగాకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దవాళ్లు అంటారు. ఒక్క ఆషాఢంలోనే ఎందుకు? ఐరన్, కాల్షియం, విటమిన్ ఎ ఇచ్చే బీటా కెరోటిన్ దండిగా ఉన్న ఆకు, పెరట్లో చెట్టుంటే పైసా ఖర్చు లేదు. కొమ్మలు కోసి, సాయంత్రం పూట పాత గుడ్డలో చుట్టి పెడితే పొద్దునకి ఆకులు వాటంతటవే రాలతాయి. ఈనెలు ఏరేయాలి, అవి ఉంటే పీచులా పంటికి తగులుతాయి. లేత ఆకు పప్పులో వేయండి. ముదురు ఆకుని కడిగి, నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి కారప్పొడి కొట్టండి. రెండు పిడికిళ్ల ఎండు ఆకుకి రెండు చెంచాల మినప్పప్పు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఏడెనిమిది ఎండుమిర్చి విడివిడిగా వేయించండి. చిన్న ఉసిరికాయంత చింతపండు, తగినంత ఉప్పు వేసి దంచి, చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్కసారి తిప్పండి. ఆకుని మాత్రం పొయ్యి మీద నల్లగా మాడ్చొద్దు. స్టవ్ ఆపేసిన మూకుడు వేడికి వెచ్చబడితే చాలు. వేడన్నంలో రోజుకో చెంచా. బజార్లో అమ్మే మునగాకు బిళ్లల కంటే ఇదే మేలని నా నమ్మకం. బిళ్లల్ని ఎవరూ రెండో నెల కొనరు, ఈ పొడి అయితే అడిగి మరీ వేయించుకుంటారు.

రాగి జావ చేసే తీరు: రాత్రి రెండు పెద్ద చెంచాల రాగి పిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టండి. పొద్దునకి కాస్త పులుస్తుంది. గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, పులిసిన పిండి పోస్తూ ఆపకుండా కలపండి. ఏడెనిమిది నిమిషాలకి మెరుపు వచ్చి గరిటెకి పలచగా అంటుకుంటుంది. బాగా చల్లారాక పలచటి మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు కలిపి తాగండి. వేడి జావలో మజ్జిగ పోస్తే విరుగుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఒక గ్లాసు జావలో పడే పిండితో అందులో నాలుగో వంతో, ఇంకాస్తో వస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 1000 మిల్లీగ్రాములు. కాబట్టి జావ తాగుతున్నాం కదా అని పాలు, పెరుగు మానేయకండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. రాగి కూడా పిండి పదార్థమే. జావలా బాగా ఉడికి పలచబడ్డ పిండి త్వరగా అరుగుతుంది. పిండిని జావ కాచడం కంటే రొట్టె చేసుకోవడం వాళ్లకి నయం.

చద్దన్నం వేసవిలో మంచి టిఫినే. రాత్రి అన్నం చల్లారాక మునిగేలా నీళ్లు పోసి, చెంచా మజ్జిగ వేసి మూతపెట్టి, పొద్దున ఉల్లిపాయతో తినేయాలి. మే నెల ఎండలకి పది గంటల దాకా ఉంచితే పాడైపోతుంది. జిగట సాగినా, వాసన తేడాగా ఉన్నా పారబోయండి.

3. రైతు బజారుకి వెళ్లేముందు కాలం చూసుకోండి

రైతు బజార్లు 1999 నుంచి ఉన్నాయి. గుంటూరు, బెజవాడ రెండు ఊళ్లలోనూ నడుచుకుంటూ వెళ్లే దూరంలో ఒకటి ఉండొచ్చు. బెజవాడ వన్‌టౌన్ వాళ్లకి కాళేశ్వరరావు మార్కెట్ ఉండనే ఉంది. కాలంలో వచ్చేది కొనుక్కుంటే రేటూ తక్కువ, సరుకూ తాజా. ఎండాకాలం ముంజలు, దోసకాయలు. చలికాలం ఉసిరి, చిక్కుడు, జామ. ఖరీదు పెట్టి యాపిల్ కొనే ఇంట్లో జామకాయ చిన్నచూపు పడుతుంది కానీ, సి విటమిన్‌లో జామ ముందు యాపిల్ ఏ మూలకీ చాలదు.

ఆకుకూర కడగడంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గిన్నెలో నానబెట్టి, నీళ్లతో సహా చిల్లుల గిన్నెలోకి వంపేస్తారు. అడుగున తేరిన మట్టంతా మళ్లీ ఆకు మీదే పడుతుంది. ఆకుని చేత్తో పైకెత్తి తీయాలి, నీళ్లు మార్చాలి. అడుగున ఇసుక తగలని దాకా ఇలా మూడు సార్లైనా కడగాలి. కడిగాకే తరగాలి. వానాకాలంలో ఆకుని పచ్చిగా తినకండి.

4. పోపుల పెట్టెలో ఏముందో చూడండి

పసుపు కొమ్ములే కొనండి. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు మనకి కూతవేటులో ఉంది, పొడి ప్యాకెట్ కోసం వెతుక్కోవాల్సిన ఖర్మ లేదు. ఎండిన కొమ్ము విరిస్తే టక్కుమనాలి, లోపల ముదురు నారింజ రంగు కనపడాలి. కొమ్ముకి పైన కూడా మెరుపు రంగు అద్దుతుంటారు. తడి వేలితో రుద్దితే చేతికి చిక్కగా రంగు అంటుకునే సరుకు వద్దు, ఆ రంగు లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న విషపు రంగు అయ్యే ప్రమాదం ఉంది. కడిగి ఎండబెట్టి మరలో ఆడించుకోండి. పొడి అనుమానంగా ఉంటే గ్లాసు నీళ్లలో అర చెంచా వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు మెల్లగా అడుక్కి దిగుతుంది, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపు రంగుకి తిరిగితే ఆ పొడి పూజకి కూడా వద్దు.

పసుపులో పనిచేసేది కర్క్యుమిన్. అది పసుపులో సుమారు 3 శాతమే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే మనుషుల్లో దాదాపు 20 రెట్లు ఎక్కువగా పడుతుందని 1998లో బెంగళూరులో జరిగిన ఒక పరిశోధన చూపింది. పాలలో పసుపుతో పాటు చిటికెడు మిరియాల పొడి వేసే మన పద్ధతిలో అర్థముంది. గ్లాసు పాలకి పావు చెంచా పసుపు, రెండు మిరియాలు చాలు. అయితే పైపరిన్ కొన్ని మందుల్ని కూడా అలాగే ఎక్కువగా రక్తంలోకి పంపుతుంది. వంటలో వేసే మిరియాలతో భయం లేదు, కర్క్యుమిన్-పైపరిన్ కాప్సూల్స్ కొనేటప్పుడు మాత్రం ఈ మాట గుర్తుండాలి.

కారం సంగతి. గుంటూరులో ఉంటూ కారం మానమని చెప్పేంత ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. కడుపులో పుండ్లకి అసలు కారణాలు ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా, అదేపనిగా మింగే నొప్పి మాత్రలు. కారం ఆ పుండుని పుట్టించదు. కానీ పుండో, ఎసిడిటీయో ఉన్నవాళ్లకి మంట పెంచుతుంది. పచ్చడి నోరు మండిస్తే నీళ్లు తాగి లాభం లేదు, పెరుగో మజ్జిగో తాగండి. కారం నీటిలో కరగదు, పాల పదార్థాల్లోని ప్రొటీన్ దాన్ని లాక్కుపోతుంది. కొనేటప్పుడు ఎండుమిర్చి మీద తెల్ల మచ్చలు, బూజు వాసన ఉంటే వదిలేయండి. సరిగా ఆరని మిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, వేయించినా పూర్తిగా పోదు.

మెంతులు షుగర్ ఉన్నవాళ్లకి నిజంగా పనికొస్తాయి. వాటిలోని జిగురు పీచు తిండిలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. చెంచా మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లతో పాటు గింజలు కూడా నమిలి తినాలి. నీళ్లు తాగి గింజలు పారేస్తే అసలు సరుకు పారేసినట్టే. కొన్నాళ్లకి చెమట మెంతి వాసన వస్తే కంగారు పడకండి. షుగర్ మాత్రలు మాత్రం ఆపొద్దు. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోతే, అంటే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే, వెంటనే ఏదైనా తీపి తిని, మాత్ర మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

కరివేపాకు కంచం పక్కన పెట్టే అలవాటున్న ఇంట్లో కరివేపాకు పొడి కొట్టుకోవడమొకటే దారి.

5. చిన్నచిన్న బాధలకి

జలుబు, దగ్గు. మిరియాల చారు కాచే తీరు: చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచండి. నిమ్మకాయంత చింతపండు రసంలో పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మరిగించి, దంచింది చివర్లో వేయండి. ఒక పొంగు రాగానే దించాలి, ఎక్కువ మరిగితే ఘాటు గాలిలోకే పోతుంది. గొంతు గరగరకి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం మన పెద్దల పద్ధతి. ముందు నోరు వగరుగా బిగుసుకుంటుంది, నిమిషం పోయాక లాలాజలం ఊరి గొంతు తడుస్తుంది. పొడి దగ్గుకి అదే పని చేస్తుంది. గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలించడం కూడా అంతే మంచిది, ఖర్చు లేని పని. ఆవిరి పట్టేటప్పుడు కాగే నీళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకోకండి, పిల్లల చేత అసలే వద్దు. తేనె, అల్లం రసం దగ్గుకి బాగుంటాయి కానీ ఏడాది లోపు బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. బాట్యులిజం అనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు రావచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా చారు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

అజీర్తి, కడుపుబ్బరం. అర చెంచా వాము గ్లాసున్నర నీళ్లలో గ్లాసు అయ్యేదాకా కాచి, గోరువెచ్చగా తాగండి. లేదా భోజనానికి ముందు సన్నటి అల్లం ముక్క ఉప్పు, నిమ్మరసం అద్ది నమలండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నలభై దాటినవాళ్లకి, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లకి, ఛాతీ మధ్యలో బరువుగా, బిగపట్టినట్టు ఉండి చెమటలు పోస్తుంటే అది గ్యాస్ అనుకోకండి. వాము నీళ్లు కాస్తూ కూర్చున్న అరగంట గుండెకి చాలా ఖరీదు. 108కి ఫోన్ చేయండి.

మలబద్ధకం. ముందు నీళ్లు, ఆకుకూర, నడక పెంచండి. అప్పటికీ కాకపోతే రాత్రి పడుకునేముందు చెంచా త్రిఫల చూర్ణం గోరువెచ్చటి నీళ్లతో వేసుకోండి. త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. కొద్దిరోజులు సరే, ఏళ్ల తరబడి వద్దు. ఇసబ్గోల్ వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి. నీళ్లు చాలకపోతే అదే అడ్డం పడుతుంది. ఉన్నట్టుండి కొత్తగా మలబద్ధకం మొదలైనా, రక్తం పడినా చూర్ణాలతో కాలక్షేపం కూడదు.

విరేచనాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. కొలత అటూ ఇటూ అయితే మేలు కంటే కీడే ఎక్కువ, అందుకే ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరికితే అదే వాడండి. మజ్జిగ, గంజి పక్కన ఉండనివ్వండి.

ఎండదెబ్బ. బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. బయటికి వెళ్లేముందు పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, అల్లం, కరివేపాకు నలిపి వేసుకుని తాగండి. సబ్జా గింజలు చెంచాకి గ్లాసు నీళ్లు పోసి పావుగంటైనా ఉంచండి, ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర ఉబ్బాలి. నానకుండా మింగితే గొంతులో ఉబ్బి అడ్డం పడొచ్చు. ముంజల పైపొట్టు వగరుగా ఉంటుందని తీసేస్తాం కానీ పీచు దాంట్లోనే ఉంటుంది, లేతవైతే పొట్టుతోనే తినండి. ఎండలో తిరిగి వచ్చిన మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నోట్లో ఏదీ పోయొద్దు. నీడలో పడుకోబెట్టి, ఒంటిని నీళ్లతో తడిపి విసురుతూ, 108 పిలవాలి.

నీరసం. బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ అంటూ మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. రక్తం బాగా తక్కువైతే బెల్లం ముక్కతో పెరగదు, ఐరన్ మాత్రలు కావాలి.

6. కుండీలో నాలుగు మొక్కలు

అపార్ట్‌మెంట్ బాల్కనీలో తులసి, వామాకు, కరివేపాకు, పుదీనా చాలు. వామాకు కొమ్మ గుచ్చితే బతుకుతుంది. జలుబుకి రెండు ఆకులు నలిపి నీళ్లలో కాచుకోవచ్చు, వానొస్తే బజ్జీలు వేసుకోవచ్చు. అప్పుడు నూనె లెక్క మీరే చూసుకోండి.

7. వీటి దగ్గర ఆగండి

సొరకాయ రసం. సొరకాయ కూర ఎంతైనా తినండి. పొద్దున్నే పచ్చి రసం తాగేవాళ్లు మాత్రం ప్రతిసారీ ముక్క కోసి నాలుక మీద పెట్టుకు చూడాలి. చేదుంటే కాయ మొత్తం పారేయాలి. చేదంటే కుకుర్బిటాసిన్ అనే విషం. 2010లో ఢిల్లీలో సొరకాయ, కాకరకాయ కలిపిన రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. కాకర కలిపితే సొరకాయ చేదు తెలియదు కాబట్టి ఆ రెండూ కలపడమే వద్దంటాను.

తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కాచారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ప్రచురించారు. అచ్చం అలాగే ఉండే వేరే జాతి తీగని వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఎవరి మాట నెగ్గినా గోడ మీద పాకే తీగని పోల్చుకోలేని మనకి పాఠం ఒకటే: తెంపుకొచ్చి కాచుకోకండి.

కామెర్లకి పసరు. మన జిల్లాల్లో ఇది గట్టి నమ్మకం, వాదనకి దిగితే చుట్టరికాలు చెడతాయి. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకి దక్కుతుంది. కానీ పచ్చకళ్లు హెపటైటిస్ బి వల్లో, పిత్తనాళంలో రాయి వల్లో అయితే పోయిన ప్రతి వారం నష్టమే. ముందు రక్త పరీక్ష, ఆ తర్వాతే ఏ మాటైనా. పసరు కంట్లోనో ముక్కులోనో వేస్తామంటే లేచి వచ్చేయండి.

పసిపిల్లలు. వేపనూనె తాగిస్తే మెదడు దెబ్బతిని పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టించడం కూడా వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

పేరులేని నొప్పుల పొడి. మోకాళ్ల నొప్పులకి పొట్లం కట్టిచ్చిన పొడితో రెండు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, మొహం ఉబ్బుతుంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని అనుమానించాలి. పొడి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్‌ని ఉన్నపళంగా ఆపడం కూడా ప్రమాదమే కాబట్టి సొంతంగా ఏదీ చేయొద్దు.

మూలికా వైద్యమే కావాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ణి కలవండి. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, దానికి ఆసుపత్రీ ఉంది. కొనే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, పదార్థాల పేర్లు, తేదీ ఉన్నాయో లేదో చూడండి.

8. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే

రక్తం పలచబడే మాత్రలు, అంటే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు కానీ ఒక రోజు కట్టలు కట్టలు తిని, వారం మానేయడం కుదరదు. ఆకుల్లోని విటమిన్ కె ఆ మాత్రకి ఎదురు పనిచేస్తుంది, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. వెల్లుల్లి, అల్లం వంటలో వేసుకోండి, కాప్సూల్స్, రసాలు వద్దు. బీపీ ఉన్నవాళ్లు దగ్గు తగ్గడానికి అతిమధురం అదేపనిగా నమలకూడదు. అది బీపీ పెంచి, పొటాషియం తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అందరికీ మంచివైన కొబ్బరి నీళ్లు, అరటిపండు, ఆకు రసాలు వాళ్లకి పొటాషియం పెంచి గుండె మీదికి తేవచ్చు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర, తోటకూర రోజూ కాకుండా చూసుకోవాలి. గర్భిణులు వంటలో వాడేవి తప్ప ఏ చూర్ణమూ సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఆపరేషన్ తేదీ ఖాయమైతే చూర్ణాలు, మూలికా కాప్సూల్స్ రెండు వారాల ముందే ఆపాలి, మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి. ఏం వాడుతున్నారని అడిగితే మనవాళ్లు మాత్రల పేర్లే చెప్తారు, పొడులు మందుల కింద లెక్కలోకి రావనుకుంటారు. పేరు గుర్తు లేకపోతే డబ్బానే సంచీలో వేసుకెళ్లండి. పేరులేని పొట్లమైతే అదీ పట్టుకెళ్లండి.